రెండు చుక్కల మధ్య ఎనిమిది అంగుళాలు

కొక్కెం విరగలేదు. నోరు తెరిచింది, అంతే.

డిటెక్టివ్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. ఈమధ్య అలా కూర్చోవడం ఆయనకి తేలికైన పనేం కాదు. తొంభై ఆరు కిలోల మనిషి. లేవాలంటే ఏదో ఒక ఆసరా ఉండాలి. దగ్గర్లో ఉన్న ఆసరా ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఒక్కటే. దాన్ని పట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

"దర్శనం అయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకా లేదు."

"తీరిగ్గా చూడండి. ఇనుము ఎక్కడికీ పోదు. పోయేది మేస్త్రి. నాలుగింటికి జీపొస్తుంది, ఎక్కించుకుని వెళ్తాను."

షెడ్డు గోడ మీది గడియారం రెండుంబావు చూపిస్తోంది. ఆ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని డిటెక్టివ్‌కి తెలుసు. ఇరవయ్యారేళ్ల కింద, ఇదే షెడ్డులో ఆయన పని నేర్చుకునే రోజుల్లో కూడా అంతే నడిచేది.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలు. నిన్న ఉదయం పది నలభైకి, పెద్ద పంపులు బాగుచేసే ఈ వర్క్‌షాపులో, రెండున్నర టన్నుల పంపు బాడీని క్రేన్ పైకి లేపింది. మనిషి ఎత్తు దాటగానే బరువు కాస్త ఊగింది. కొక్కేనికి తగిలించిన ఇనప రింగు జారి బయటికి వచ్చేసింది. కింద నిలబడి చేత్తో బరువుని సర్దుతున్నది సూపర్‌వైజర్. డాక్టరు వచ్చేసరికి డాక్టరుతో పని లేకపోయింది.

ఆ కొక్కేన్ని కొలిమిలో కాల్చి కొట్టింది మేస్త్రి. నెలనెలా దాన్ని కొలిచేదీ మేస్త్రే. సోమవారం నాడు పదిమంది ముందు సూపర్‌వైజర్‌తో గొడవ పడిందీ మేస్త్రే. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి?

"మూడు టన్నులు మోసే కొక్కెం రెండున్నరకి నోరు తెరవదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పాఠం అప్పజెబుతున్నట్టు. "ఎవరో దాన్ని మెత్తబరిచారు. బుధవారం పన్నెండున్నర నుంచి ఒంటిగంటా పది దాకా అందరూ భోజనానికి వెళ్లారు. మేస్త్రి వెళ్లలేదు. గ్యాస్ టార్చ్ టూల్‌రూంలో ఉంటుంది. టూల్‌రూం తాళం ఆయన కూతురి దగ్గర ఉంటుంది. నలభై నిమిషాలు. ఇనుముని కాల్చి మెత్తబరచడం ఈ షెడ్డులో ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? గురువారం పది నలభైకి పని పూర్తయింది."

"కథ బాగుంది. పెయింటే ఒప్పుకోవట్లేదు."

"పెయింటా?"

"కొక్కేనికి వేసిన పసుపు రంగు. టార్చ్ మంట తగిలితే ముందు అది పొంగాలి, నల్లబడాలి, రాలాలి. ఒక్క బుడగైనా ఉందేమో చూపించండి."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ప్యాంటు ఇస్త్రీ చెడకుండా వంగడం ఆయనకి అలవాటు.

"మళ్లీ వేసుంటాడు."

"అయితే ఈ పగుళ్లు చూడండి." డిటెక్టివ్ జేబులోంచి భూతద్దం తీశాడు. "వంపు లోపలివైపు పెయింటు నెర్రెలిచ్చింది. బయటివైపు ముడతలు పడింది. కొక్కెం సాగినప్పుడు అలాగే అవుతుంది. ఇప్పుడు ఆ నెర్రెల్లోకి చూడండి. కొన్ని వెండిలా మెరుస్తున్నాయి. అవి నిన్నటివి. కొన్నింట్లో ఎర్రగా తుప్పు. అవి వారం పది రోజుల కిందటివి. ఇదిగో, ఇవి నల్లగా, దుమ్మూ నూనే కూరుకుపోయి ఉన్నాయి. ఇవి ఇంకా పాతవి. ఇది ఒక్క మధ్యాహ్నంలో తెరిచిన నోరు కాదు. మోయలేనిది మోయించినప్పుడల్లా కాస్త కాస్తగా, వారాల తరబడి తెరుచుకుంది."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు చూసి, నిటారుగా లేచి, మెల్లగా మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"భలే. నా పని ఇంకా తేలిక చేశారు. రిజిస్టర్ చూశారా? ఈ నెల మొదటి తారీకు. పన్నెండు రోజుల కింద. ఈ కొక్కెం పేరు పక్కన 'ఉంది' అని రాసుంది. పోయిన నెల కూడా 'ఉంది'. వారాల తరబడి నోరు తెరుస్తుంటే మేస్త్రి ఏం కొలిచాడు? కళ్లున్నవాడెవడికైనా కనబడుతుంది కదా. కొలవకుండా చెప్పాడు, లేదా తెలిసి తెలిసి చెప్పాడు. మొదటిది నిర్లక్ష్యం, రెండోది హత్య. మీకేది కావాలో ఎంచుకోండి, నాకు పట్టింపు లేదు."

డిటెక్టివ్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రిని బయటికి లాగుదామని పట్టుకున్న తాడు మేస్త్రి మెడకే పడింది.

ఆ 'ఉంది' సంగతి ఆయనకి బాగా తెలుసు. ఈ షెడ్డులో ఏ కొక్కెం కొట్టినా, అది ఇంకా ఎర్రగా ఉండగానే మేస్త్రి మొనదేలిన పంచ్‌తో దాని మీద గుంటల్లా రెండు చుక్కలు కొట్టేవాడు. ఒకటి మెడ దగ్గర, ఒకటి ముక్కు దగ్గర. రెంటి మధ్య సరిగ్గా ఎనిమిది అంగుళాలు. కొక్కెం నోరు ఏమాత్రం తెరుచుకున్నా ఆ దూరం పెరుగుతుంది. మేస్త్రి దగ్గర ఒక డివైడర్ ఉండేది. దాని కాళ్లు ఎనిమిది అంగుళాలకి పెట్టి, ఎవరూ కదపకుండా కీలు దగ్గర టంకం పోసేశాడు. ప్రతినెలా మొదటి తారీకున కొక్కేన్ని ఛాతీ ఎత్తుకి దింపేవాళ్లు. డివైడర్ రెండు కాళ్లూ రెండు చుక్కల్లో టక్కున దిగితే ఆయన "ఉంది" అనేవాడు. దిగకపోతే "లేదు" అనేవాడు. ఆ రెండో మాట వస్తే యజమాని వచ్చి బతిమాలినా క్రేన్ కదిలేది కాదు.

ఈ కొక్కేన్ని కొట్టిన రోజు కూడా ఆయనకి గుర్తుంది. కొలిమికి గాలి కొట్టే పంకా తిప్పింది తనే. పట్టకారు పట్టుకున్నది తనతో పాటు పని నేర్చుకునే ఇంకో కుర్రాడు. ఇద్దరికీ పందొమ్మిదేళ్లు. మేస్త్రి తనని 'పుల్ల' అనేవాడు, వాణ్ణి 'పొడుగు' అనేవాడు. కొక్కెం నీళ్లలో మునిగి బుస్సుమన్నప్పుడు ముగ్గురి ముఖాలూ ఆవిరిలో తడిసిపోయాయి. మనం చచ్చాక కూడా ఇది ఇక్కడే వేలాడుతుంది, చూడు అన్నాడు పొడుగు, నవ్వుతూ.

పుల్ల వెళ్లిపోయి డిటెక్టివ్ అయ్యాడు. పొడుగు ఇక్కడే ఉండి సూపర్‌వైజర్ అయ్యాడు. ఇప్పుడు పొడుగు లేడు.

రెండు ముప్పై ఐదుకి డిటెక్టివ్ టూల్‌రూం తలుపు తోశాడు.

లోపల అదే నూనె వాసన. గోడకి అవే మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో స్పానర్. మూలన ఉన్న బెంచీకి అంచు మీద ఒక గాడి ఉంది. కొత్తలో ఆకురాయి జారి తను చేసిన ఘనకార్యం అది. దానికి మేస్త్రి వారం రోజులు తిట్టాడు. ఎవరూ దాన్ని సాపు చేయలేదు. వేలుతో తడిమి చూశాడు. గాడి అంచులు నున్నగా అరిగిపోయాయి.

"వచ్చావా అన్నయ్యా," అంది మేస్త్రి కూతురు, కౌంటర్ వెనకనుంచి లేస్తూ. పొద్దున్న ఫోన్ చేసి పిలిచింది ఆమే. ముప్పై నాలుగేళ్ల మనిషి. తను వెళ్లిపోయేనాటికి ఎనిమిదేళ్ల పిల్ల. బడి అవ్వగానే వచ్చి ఇక్కడే నూనె డ్రమ్ము మీద కూర్చుని, రేకు ముక్కల మీద మేకుతో బొమ్మలు కొట్టుకునేది. పదకొండేళ్లుగా ఈ టూల్‌రూం ఆమె చేతిలోనే ఉంది. పనిముట్ల మీద నంబర్లు కొట్టడం, ఇచ్చిందీ తీసుకుందీ రాసుకోవడం, మొదటి తారీకున తండ్రి పక్కన నిలబడి 'ఉంది' అని రాయడం అన్నీ ఆమె పనులే.

"నాన్న నిన్నటినుంచీ నోరు మెదపట్లేదు. ఆ ఇన్‌స్పెక్టర్ ఏం అడిగినా గోడకేసి చూస్తున్నాడు. నువ్వైనా మాట్లాడించు."

"తిట్లైనా తిడతాడేమో చూద్దాం. నన్ను చూస్తే ఆయనకి అవి వాటంతట అవే వస్తాయి."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అటు తిరిగి తాళాలు సర్దింది.

మేస్త్రి లోపలి గదిలో స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. డెబ్భై దగ్గరపడ్డా భుజాలు ఇంకా దించలేదు.

"ఎవరది?"

"నేనే మేస్త్రీ."

ఆ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "పుల్లా! ఎన్నాళ్లకి గుర్తొచ్చానురా. అమ్మడు చెప్పింది నువ్వొస్తావని. ఇలా రా." చెయ్యి చాచాడు. డిటెక్టివ్ తన చెయ్యి అందించాడు. "ఏరా, అలాగే ఉన్నావు కదరా, గాలికి ఎగిరిపోయేలా. ఇంట్లో సరిగ్గా పెట్టట్లేదా ఏంటి?"

డిటెక్టివ్ పెద్దగా నవ్వాడు. తొంభై ఆరు కిలోలకి ఇంతకంటే సున్నితమైన వెటకారం ఎవరూ చేయలేదు. ఆ మాటతో ఇరవయ్యారేళ్లు ఎటో పోయి, చేతికి మసి అంటినట్టే అనిపించింది.

కానీ గడియారం ఆగదు.

"మేస్త్రీ, బుధవారం పన్నెండున్నరకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"భోజనానికి ఎందుకు వెళ్లలేదు?"

"ఆకలి లేదు."

"సోమవారం పొడుగుతో గొడవ దేనికి?"

"పాతదే."

"పాతది అంటే?"

"క్రేన్ మూలుగుతోందిరా. నాలుగు టన్నులు లేపుతున్నాడు దాంతో. ఆ మోటారు గొంతు నాకు తెలీదా? ఎందుకురా అని అడిగాను. మీరే కదా కొలిచి ఉంది అన్నారు, ఇంక మీకెందుకు అన్నాడు. అందరి ముందూ."

"ఇది ఇన్‌స్పెక్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

మేస్త్రి స్టూలు అంచు తడిమాడు.

"ఇది చెబితే సగం గొడవ తీరిపోయేది కదా. మొదటి తారీకున కొలిచారా లేదా?"

"కొలిచాను. డివైడర్ దిగింది. రెండు కాళ్లూ దిగాయి. ఉంది అన్నాను. నేను అబద్ధం ఆడలేదు పుల్లా."

"కొక్కెం నోరు చూశారా?"

మేస్త్రి అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

పనిముట్ల బీరువాకి ఉన్న అద్దం తలుపులో డిటెక్టివ్‌కి తన ప్రతిబింబం కనిపించింది. తలుపు చాలలేదు. రెండు పక్కలా భుజాలు ఇవతలికి మిగిలిపోయాయి. పుల్లలా ఉన్నావన్న మాటకి మేస్త్రి తర్వాత నవ్వలేదన్న సంగతి అప్పుడు తట్టింది. వెటకారం చేసినవాడు ఎదుటివాడి ముఖం చూస్తాడు. మేస్త్రి చూడలేదు.

డిటెక్టివ్ చెప్పులు విడిచాడు. చప్పుడు కాకుండా ఎడమవైపుకి మూడు అడుగులు వేశాడు.

"నీకు తెలుసు కదరా," అన్నాడు మేస్త్రి, డిటెక్టివ్ అంతకుముందు నిలబడిన చోటుకేసి, ఖాళీ గోడకేసి చూస్తూ. "పని విషయంలో నేను ఎవరినీ మోసం చేయను."

డిటెక్టివ్ ఉన్నచోటే ఆగిపోయాడు.

"మేస్త్రీ. నేనిటున్నాను."

ముసలాయన తల గొంతు వినబడినవైపు తిరిగింది. అప్పుడు దిగిపోయాయి ఆ భుజాలు.

"ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటింది. కంట్లో ప్రెషర్ పెరిగిందన్నాడు డాక్టరు. లోపల ఒత్తిడికి నరం నలిగిపోయిందట. పక్కలనుంచి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది. ఎదురుగా ఎవరో ఉన్నారని తెలుస్తుంది. ఎవరో తెలీదు." ఆగాడు. "చేతులకి అన్నీ తెలుసు కదా, వాటితోనే నెట్టుకొస్తున్నాను."

"ఎవరికి తెలుసు?"

"అమ్మడికి. అంతే. ఆ ఇన్‌స్పెక్టర్‌కి నోరు విప్పానంటే తెరుచుకున్న కొక్కెం నీకు కనబడలేదా అంటాడు. నన్ను హంతకుడననీ, కోర్టు ఏం చేస్తుందో అది చేస్తుంది. కానీ గుడ్డివాడు కొలిచాడని బయటికి వచ్చిందా, నలభై ఏళ్లలో నేను కొట్టిన ప్రతి ముక్కనీ ఊడబీకి తుక్కులో పారేస్తారు. పుల్లా, నువ్వు చెప్పకు. నాకు మాటివ్వు."

డిటెక్టివ్ మాట ఇవ్వలేదు. ఆయన మనసు వేరే చోట తిరుగుతోంది. కళ్లు లేకపోతేనేం, డివైడర్ ఉంది. టంకం పోసిన డివైడర్. అది ఎవరి మొహమాటానికీ సాగదు, ముడవదు. నోరు తెరుచుకున్న కొక్కెం మీద ఎనిమిది అంగుళాల డివైడర్ దిగిందంటే...

"మేస్త్రీ, డివైడర్ తీసుకోండి. లేవండి."

మూడుంబావుకి ముగ్గురూ షెడ్డులో కొక్కెం ముందు ఉన్నారు. కూతురు తండ్రి మోచేయి పట్టుకుంది, నీరసంగా ఉన్నాడని పట్టుకున్నట్టు. ఇన్‌స్పెక్టర్ పంపు బాడీకి ఆనుకుని టీ తాగుతున్నాడు.

"ఒప్పుకోవడానికి వచ్చారా, పెద్దాయనా?"

"చుక్క చూడటానికి వచ్చాం," అన్నాడు డిటెక్టివ్. మేస్త్రి చేతిని తీసుకెళ్లి కొక్కెం మెడ దగ్గర చుక్క మీద పెట్టాడు. "ఇది?"

మేస్త్రి బొటనవేలు ఒక చుట్టు తిరిగింది. "నాది."

ముక్కు దగ్గర చుక్క మీద పెట్టాడు. "ఇది?"

వేలు తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది.

"గీసుకుంటోంది," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "నేను ఎర్రగా ఉన్నప్పుడు కొడతాను. అంచు నున్నగా ఉంటుంది. ఇది చల్లటి ఇనుము మీద కొట్టింది. ఇది నాది కాదు."

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

డిటెక్టివ్ గరుకు కాగితం తీసుకుని, ఆ చుక్కకి అర అంగుళం అవతల, కొక్కెం కొసవైపు పసుపు పెయింటు మీద రుద్దడం మొదలుపెట్టాడు. పెయింటు పొడి రాలింది. కింద ఇనుము. ఇంకాస్త రుద్దాడు. ఇనుములో గుండ్రంగా, బఠాణీ గింజంత, తెల్లగా ఒక మచ్చ బయటపడింది.

"టంకం," అన్నాడు. "అసలు చుక్క ఇక్కడుంది. దీన్ని పూడ్చి, పైన పెయింటు వేసి, అర అంగుళం ఇవతల కొత్త చుక్క కొట్టారు. అప్పటికే కొక్కెం అర అంగుళం తెరుచుకుంది. ఎనిమిదిన్నర. చుక్క జరిగేసరికి మళ్లీ ఎనిమిది. మేస్త్రి డివైడర్ దిగింది. మేస్త్రి ఉంది అన్నాడు. నిజమే చెప్పాడు." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఈ ఏర్పాటంతా ఒక్క మేస్త్రిని మోసం చేయడానికి. ఆయన్ని ఆయనే మోసం చేసుకోడు కదా. జీపు వెనక్కి పంపండి."

ఇన్‌స్పెక్టర్ వంగాడు. ఈసారి ఇస్త్రీ సంగతి చూసుకోలేదు. స్కేలు పెట్టి తనే కొలిచాడు. ఒకటికి రెండుసార్లు కొలిచి లేచాడు. నచ్చని సంగతైనా నిజమని తేలితే మింగగల మనిషే.

"సరే. జరిపింది ఎవరు?"

"అది తెలుసుకోవాలి."

"ఆ ముసలాయన్నే అడగండి. చుక్క చూసి తనది కాదన్నాడు కదా, ఎవరిదో చెప్పలేడా?"

మేస్త్రి డివైడర్ మొన తీసుకుని ఆ కొత్త చుక్కలోకి దింపాడు. దాంతో గుంట అడుగుని తడిమాడు, పన్ను నొప్పి ఎక్కడుందో నాలుకతో వెతుక్కున్నట్టు. ఆ మొన ఒకచోట చిన్నగా తట్టుకుని, ఇంకాస్త లోపలికి జారడం డిటెక్టివ్ చూశాడు.

రెండు మెట్లు.

ముందు ఇనుముకి చెప్పు, తర్వాత కొట్టు. పందొమ్మిదేళ్ల వయసులో తన మణికట్టు పట్టుకుని మేస్త్రి నేర్పిన మొదటి పాఠం అది. పంచ్ పెట్టి ముందు మెల్లగా ఒక దెబ్బ, చోటు చూసుకోవడానికి. తర్వాత గట్టిగా ఇంకోటి. మధ్యలో చెయ్యి వెంట్రుకవాసి కదులుతుంది కాబట్టి గుంటలో మెట్టు మిగులుతుంది. పొడుగు ఎన్నడూ అలా కొట్టలేదు. వాడికి ఓపిక లేదు, ఒకే దెబ్బ. అందుకే వాడి చెవి ఎప్పుడూ ఎర్రగా ఉండేది. మేస్త్రి చేతి కింద ఆ రెండు దెబ్బలూ నేర్చుకున్నవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకడు ఇరవయ్యారేళ్లుగా సుత్తి ముట్టలేదు.

రెండోది నూనె డ్రమ్ము మీద కూర్చుని నేర్చుకుంది.

డిటెక్టివ్ తలెత్తలేదు. ఎత్తితే తన చూపు ఎటు పోతుందో ఇన్‌స్పెక్టర్ కనిపెడతాడు. మేస్త్రి డివైడర్‌ని మెల్లగా వెనక్కి తీసి, మొన తుడిచి, జేబులో పెట్టుకున్నాడు. తండ్రి మోచేతి మీద కూతురి వేళ్లు బిగుసుకున్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు మేస్త్రి, మామూలు గొంతుతో. "చుక్క జరిపింది నేనే."

"ఇందాక మీది కాదన్నారు."

"ఇందాక భయపడ్డాను. పెద్ద ఆర్డరు ఉంది, క్రేన్ ఆగకూడదన్నారు. జరిపాను. రాసుకోండి."

"మేస్త్రీ..." అన్నాడు డిటెక్టివ్.

"పుల్లా, నువ్వు నోరు మూసుకో."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచాడు. గెలిచినవాడి ముఖంలా లేదు ఆయన ముఖం. ఏదో తేడా కొడుతోందని తెలుసు, ఏదో తెలీదు. డిటెక్టివ్‌కి తెలుసు. ఒక్క మాట చాలు. ఈయనకి చూపు లేదు, అర అంగుళం కొలిచి, టంకం పోసి, రంగు కలిపి వేసే స్థితిలో లేడు అంటే చాలు, మేస్త్రి ఇంటికి పోతాడు. ఆ మరుక్షణం ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్న, అయితే ఇంకెవరు అని. ఈ షెడ్డులో చుక్క కొట్టడం తెలిసిన మనిషి ఇంకొకరే మిగులుతారు. మేస్త్రి పేరూ పోతుంది, కూతురూ పోతుంది. ఎనిమిదేళ్ల పిల్లని భుజం మీద ఎక్కించుకుని ఈ క్రేన్ చూపించింది తనే.

తను నోరు తెరవకపోతే ఆమె క్షేమం. ఎవరూ ఎప్పటికీ అడగరు.

"పేరు, వయసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెన్ను విదిలిస్తూ.

బయట యార్డులో గంట మోగింది.

యార్డులో ఉన్న రెండో క్రేన్ కదిలేముందు మోగే గంట అది. నిన్నటినుంచీ పని మొత్తం ఆపేశారు. యార్డులో పని మొదలుపెట్టుకోవచ్చని ఇన్‌స్పెక్టర్ మూడింటికే అనుమతి ఇచ్చాడు, అక్కడ చూడాల్సింది ఏమీ లేదని. మోటారు రొద పైకి లేచింది.

కూతురు తండ్రి చెయ్యి వదిలేసింది.

డిటెక్టివ్ ఆమె ముఖం చూశాడు. ఒకసారి తండ్రి వైపు, ఒకసారి యార్డు తలుపు వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను కాగితం మీద కదులుతోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అంతా మేస్త్రి పేరు మీద ఆ కాగితంలో పడిపోతుంది.

"ఆపమనండి," అంది.

"ఏంటమ్మా?" ఇన్‌స్పెక్టర్ తల ఎత్తలేదు.

"యార్డు క్రేన్ ఆపమనండి. ఆ కొక్కేనికి కూడా చుక్క జరిపాను."

"అమ్మడూ," అన్నాడు మేస్త్రి. "నీకేం తెలీదు, నువ్వు లోపలికి పో."

"రెండూ నేనే జరిపాను నాన్నా. నీ కళ్ల సంగతి సూపర్‌వైజర్ కనిపెట్టేశాడు. ఆర్డరు అయ్యేదాకా క్రేన్లు రెండూ ఆగకూడదన్నాడు. నువ్వు లేదు అన్నావంటే మర్నాడే అందరి ముందూ నీకు కంటి పరీక్ష పెట్టిస్తానన్నాడు. ఈ నెల ఒక్కటే అన్నాడు." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "యార్డుది ఇంకా ఎక్కువ తెరుచుకుంది. ముప్పావు అంగుళం."

ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి నోట్‌బుక్ జారింది. కానీ అప్పటికే డిటెక్టివ్ పరిగెడుతున్నాడు. ఇరవయ్యారేళ్లుగా ఆయన పరిగెత్తింది లేదు. కాళ్లకి చెప్పులు లేవన్న సంగతి కూడా గుర్తులేదు. ఇనప రజను అరికాళ్లలో దిగుతోంది.

యార్డు తలుపు తోసేసరికి ఎండ కళ్లలో పొడిచింది. బరువు అప్పటికే నేల వదిలి మనిషి ఎత్తు దాటింది. దాని కింద, ఎవరు ఏ వైపు పట్టుకోవాలో చేతులతో చెప్పుకుంటూ, ఆరుగురు నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ కాపలా పెట్టిన కానిస్టేబుల్ కూడా వాళ్లలో ఉన్నాడు, వేడుక చూస్తూ.

"తప్పుకోండి!" అని అరిచాడు డిటెక్టివ్.

గంట మోగుతూనే ఉంది. ఆ మోతలో ఒక్కరూ ఇటు తిరగలేదు. తలలు ఎత్తి అందరూ పైకే చూస్తున్నారు. పైన బరువు మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.